వరద తీసిన తర్వాత కూడా ఒకసారి రండి

సంపాదకుల గారికి నమస్కారం.

మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ మధ్య దిబ్బ మీద ఉన్న ఒక లంక ఊరు. ఈమధ్య మీ జిల్లా పేజీలో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక తీసేశారనీ, గోదావరి తగ్గుముఖం పట్టిందనీ, లంకలు ఊపిరి పీల్చుకున్నాయనీ రాశారు. మీ విలేకరి గారు మా రేవు దాకా వచ్చారు, నడుం లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు తీసుకున్నారు, మా ముసలివాళ్లతో ఓపిగ్గా మాట్లాడారు, అందుకు ఊరంతా ఆయన్ని తలుచుకుంటోంది. కానీ ఊపిరి పీల్చుకున్నారన్న ఆ మాట దగ్గర మాత్రం మనసు కష్టపడింది. ఆ పేపరు మా చేతికొచ్చిన రోజు రాత్రే మా ఊళ్లో ఏటి ఒడ్డున మూడు కొబ్బరిచెట్లు ఏట్లోకి పోయాయి. ఆ రాత్రి ఒడ్డు దగ్గర ఇళ్ల వాళ్లెవరూ నిద్రపోలేదు. వరద నిండుగా ఉన్న నాలుగు రోజులూ కూడా ఇంత భయపడలేదండి, ఎందుకంటే నీళ్లు ఎంతవరకు వస్తాయో మాకు తెలుసు, గోడ మీద 2022 నాటి గీత ఇంకా ఉంది, దానికన్నా కింద ఉన్నాయా పైన ఉన్నాయా అని చూసుకుంటూ కూర్చుంటాం. నీళ్లు దిగడం మొదలుపెట్టాకే మా అసలు టెన్షన్.

ఒడ్డు కూలేటప్పుడు ఎలా ఉంటుందో చూడని వాళ్లకు చెప్పాలి. ముందు నేల మీద వెంట్రుకంత పగులు కనపడుతుంది, ఒడ్డుకి ఆరేడు అడుగులు లోపలగా, ఏటికి సమానంగా సాగుతూ. మర్నాడు పొద్దున్నకి అందులో వేలు పడుతుంది. సాయంత్రానికి చెయ్యి పడుతుంది. ఇక ఆ పగులుకి ఏటివైపు ఉన్నదంతా మనది కాదని లంకలో పుట్టిన చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఆ గీత దాటి ఆడుకోరు. చెట్టు వెంటనే పడదు. ముందు మొవ్వు కొంచెం ఏటివైపు వాలుతుంది, వేర్లు తెగుతుంటే పటపటమని చప్పుడు వస్తుంది, ఆ తర్వాత మట్టిపెళ్లతో సహా నిలువునా దిగిపోతుంది. మా నాన్న నాటిన చెట్టు అలా దిగిపోవడం నేను టార్చిలైటు వెలుతుర్లో చూశాను. ఏటా నూట యాభై కాయ దించే చెట్టు. నీళ్లలో మొవ్వు కాసేపు పైకి కనపడింది, తర్వాత అదీ పోయింది.

ఇది వరద పెరిగేటప్పుడు కాకుండా తీసేటప్పుడే ఎక్కువగా ఎందుకు జరుగుతుందంటే, మా లంకల నేల పైన కొన్ని అడుగులు ఒండ్రు మట్టి, దాని కింద ఇసుక. వరద ఉన్నన్ని రోజులూ ఒడ్డు నీళ్లు తాగి బరువెక్కుతుంది, అయినా బయట ఏరు నిండుగా ఉంటుంది కాబట్టి ఆ నీళ్లే ఒడ్డుని ఎదురుగా నొక్కి పట్టుకుని ఉంటాయి. ఏరు ఒకటి రెండు రోజుల్లో గబగబా దిగిపోతే ఆ దన్ను పోతుంది. ఒడ్డులో నిలవ ఉన్న నీళ్లు బయటికి ఊరుతూ కింది ఇసుకని కూడా తమతో లాక్కుపోతాయి, కింద డొల్ల అవుతుంది, పైన తడిసి ముద్దైన మట్టి బరువు ఆగలేక విరిగి పడుతుంది. మా పెద్దవాళ్లు ఈ సంగతి చదువుకోకుండానే చెప్పేవారు, వరద వచ్చేటప్పుడు ఇంట్లో సామాను చూసుకో, పోయేటప్పుడు ఒడ్డు చూసుకో అని. ఇంజినీర్లకు తెలియదని నేను అనను, వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. కానీ వరద పని మీద వచ్చిన మనుషులూ పడవలూ జీపులూ అన్నీ హెచ్చరిక తీసేసిన మర్నాడే వెనక్కి వెళ్లిపోతాయి. అదీ నా బాధ.

మా వీధి చివర ఒక ఇల్లుంది, ఉండేది అనాలి. రెండు గదులు, పెంకుటిల్లు, వెనక వంటకి రేకుల పాక. వాళ్లది మా కన్నా మెరక, వరదకి ఆ ఇంట్లోకి నీళ్లు రాలేదు, పైగా పల్లంలో ఉన్న నాలుగిళ్ల వాళ్లు తమ బియ్యం బస్తాలూ మంచాలూ తెచ్చుకుని ఆ ఇంట్లోనే పెట్టుకున్నారు. నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చారు, ఇంటింటికీ తిరిగారు, మునిగిన ఇళ్లు రాసుకున్నారు, ఆ ఇల్లు మునగలేదు కాబట్టి వదిలేశారు. వాళ్ల తప్పు కూడా నేను పట్టను, వాళ్ల చేతిలో ఉన్న కాగితంలో అడిగింది అదే. నీళ్లు దిగిన ఐదో రోజు ఆ వంటపాక వెనక పగులు వచ్చింది. ఏడో రోజు వంటపాక వెళ్లిపోయింది, పొయ్యి ఉన్న చోట ఇప్పుడు గాలి. ఎనిమిదో రోజు వాళ్లే ఇంటి పెంకులు దించుకున్నారు, దూలాలు, తలుపులు, కిటికీలు ఊడదీసుకున్నారు, ఎందుకంటే ఏట్లోకి పోయేదాకా ఆగితే అవీ దక్కవు. సొంత ఇంటి గుమ్మాన్ని గడ్డపారతో తవ్వి తీస్తుంటే ఆ ఇంటావిడ పక్కన నిలబడి ద్వారబంధం మీద పసుపు రాసిన చోటే చూస్తూ ఉంది. ఆమె కార్యాలయానికి వెళ్లి అడిగితే, ఇల్లు మునిగిందా అమ్మా అన్నారట. మునగలేదండి, కూలకుండా మేమే విప్పుకున్నాం అందట. అయితే జాబితాలో ఎలా ఎక్కించాలో తెలియడం లేదు, పైవాళ్లని అడిగి చెబుతాం అన్నారట. ఇంకా చెప్పలేదు. వాళ్లిప్పుడు ఏటిగట్టు అవతల చుట్టాల ఇంట్లో ఒక గదిలో ఉన్నారు, పెంకులు మాత్రం మా దొడ్లో పేర్చి ఉన్నాయి.

అరటి సంగతీ ఇలాంటిదే. మాకు కూర అరటి, కర్పూరం, చక్కెరకేళి, అన్నీ కలిపి ఎకరంన్నర తోట. అరటి నీళ్లలో రెండు మూడు రోజులకు మించి నిలబడితే దుంప కుళ్లుతుంది. కానీ ఆ సంగతి పైకి వెంటనే తెలియదు. నీళ్లు దిగిన మూడో రోజు మీరొచ్చి చూస్తే ఆకులు పచ్చగా నిగనిగలాడుతూ ఉంటాయి, మొదళ్లకు బురద ఉందంతే, కడిగేస్తే పోతుందనిపిస్తుంది. వారం దాటాక కింది ఆకులు పసుపు తిరుగుతాయి, పది పన్నెండు రోజులకి ఆకు మధ్యలో విరిగి మట్ట చుట్టూ వేలాడుతుంది, గెల ఉన్న చెట్టయితే ఆ బరువుకి అలాగే ఒరిగిపోతుంది. పంట నష్టం కింద రాయాలంటే 33 శాతం దెబ్బతిని ఉండాలి అన్నది నిబంధన. పచ్చగా ఉన్న తోట చూసి పది శాతం అని రాసుకున్నారనుకోండి, పదిహేను రోజుల తర్వాత తోటంతా పడిపోయినా ఆ పది శాతమే ఖాయం. నా తోటకి ఈసారి సరిగ్గా అదే జరిగింది. నేను కాళ్లావేళ్లా పడి చెప్పాను, అయ్యా దుంప తవ్వి చూడండి, వాసన చూడండి అని, ఒక దుంప తవ్వి చేతిలో పెట్టాను కూడా, వచ్చినాయన మంచివాడే, అర్థం చేసుకున్నాడు, కానీ రెండు రోజుల్లో లెక్క పంపమన్నారండి, ఇవాళ కనపడిందే రాయాలి అన్నాడు.

రోడ్డు గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. మా లంకలో సీసీ రోడ్డు వేశారు, బాగా వేశారు, కాదనను. వరద ఆ రోడ్డు మీదుగా పారి, దిగేటప్పుడు ఒక పక్క నుంచి కింద ఇసుకని తోడేసింది. ఇప్పుడు దాదాపు ముప్పై అడుగుల మేర పలక గాల్లో ఉంది. పైనుంచి చూస్తే చెక్కు చెదరని రోడ్డు. పక్కన పొలంలోకి దిగి వంగి చూస్తే కింద కుక్క పడుకునేంత ఖాళీ ఉంది, నిజంగానే ఆ ఎండకి ఒక కుక్క అందులో పడుకుంది, దాన్ని చూశాకే మాకు ఆ డొల్ల సంగతి తెలిసింది. అరటి గెలలు వేసుకున్న ట్రాక్టర్ దాని మీదికి ఎక్కితే ఏమవుతుందో ఆలోచించండి. కొబ్బరి మట్టలు అడ్డం పెట్టి, ఎర్రగుడ్డ కట్టి, మేమే బళ్లని చేలోంచి తిప్పుతున్నాం. స్కూలు ఆటో డ్రైవరు పిల్లలతో ఆ చోటికి రానన్నాడు, అతను చెప్పిందే సబబు. కాబట్టి పిల్లలు కాజ్‌వే దాకా, అంటే పాయ దాటే పల్లపు వంతెన దాకా, నడిచి వెళ్తున్నారు.

ఆ కాజ్‌వే మీద నీళ్లు దిగినా వారం పది రోజులు వేలెడు మందాన ఒండ్రు ఉంటుంది. సబ్బు రాసినట్టు ఉంటుందండి. ఆరో తరగతి పిల్ల ఒకతె బూట్లు ఒక చేత్తో, సాక్సులు నోట్లో పట్టుకుని, ఇంకో చేత్తో మా అమ్మ చెయ్యి పట్టుకుని దాటడం రోజూ చూస్తున్నాను, మా అమ్మకి డెబ్భై దాటాయి, ఎవరు ఎవర్ని పట్టుకుని నడుస్తున్నారో తెలియదు. కింద తూముల్లో గుర్రపుడెక్క, అరటి బోదెలు, చచ్చిన చెట్ల కొమ్మలు ఇరుక్కుని నీళ్లు పోవడం లేదు, అందుకే మామూలు నీరు కూడా పైనుంచి పొర్లుతోంది. ఆ తూములు శుభ్రం చేస్తే సగం కష్టం తీరుతుంది. దానికి ఒక జేసీబీ, ఒక పూట చాలు.

ఇక వరద మొదలయ్యేటప్పటి సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75 కి రెండోది, 17.75 కి మూడోది. ప్రవాహంలో చూస్తే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. పడవలు, బియ్యం, మందులు, కంట్రోల్ రూములు అన్నీ ఈ అంకెలకే కదులుతాయి. బ్యారేజీలో నిలవ పెట్టుకునే చోటు మూడు టీఎంసీలు కూడా లేదు, 10 లక్షల క్యూసెక్కులంటే ఒక రోజుకి 86 టీఎంసీల నీరు, కాబట్టి పైనుంచి వచ్చింది వచ్చినట్టు కిందికి వదలడమే తప్ప ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు, అది మాకు తెలుసు. ప్రాణహిత, ఇంద్రావతి ఒకేసారి పొంగితే భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటిందని వార్త వస్తుంది, ఆ నీరు మా దాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క రోజులో మోటార్లు విప్పుకుంటాం, పశువుల్ని గట్టెక్కిస్తాం. ఇంతవరకు బాగానే ఉంది. ఇబ్బంది ఎక్కడంటే, మా దారి మొదటి హెచ్చరిక దాకా ఆగదు. వశిష్ఠ మీద గంటిపెదపూడి దగ్గర వేసవిలో వేసుకునే మట్టిబాట జులైలో కొత్త వరద ఎర్రనీరు తగలగానే కొట్టుకుపోయేది, బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక ఆ నాలుగు ఊళ్ల వాళ్లు ఇక పడవ మీదే తిరగాల్సి వచ్చేది, వంతెన కోసం వాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో మీ పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. కనకాయలంక కాజ్‌వే, అయినవిల్లి మండలంలో ఎదురుబిడిం కాజ్‌వే, ఈ పేర్లు కూడా వరద వచ్చిన ప్రతిసారీ మీ పేపర్లో కనపడేవే. మా కాజ్‌వే కూడా అంతే. హెచ్చరిక లేదు కాబట్టి సర్కారు లెక్కలో వరద లేదు, వరద లేదు కాబట్టి పడవ లేదు, కాలేజీకీ ఆసుపత్రికీ పాలకేంద్రానికీ వెళ్లాల్సిన వాళ్లు సొంత పూచీ మీద నాటు పడవెక్కుతారు, లైఫ్ జాకెట్ల మాట అడగొద్దు. రావులపాలెం మార్కెట్‌కి గెల చేరాలంటే పడవ కిరాయి, ఎక్కించే కూలి, దించే కూలి, అవతల మళ్లీ ఆటో. ఒక్కో గెల మీద ఆ ఖర్చంతా పడ్డాక చేతికి వచ్చేది ఏముంటుంది. అందుకని కొంతమంది కోయకుండా వదిలేస్తారు, తోటలోనే పండి రాలిపోతుంది.

మా నాన్న 1986 గురించి చెప్పేవారు. ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద అది, భద్రాచలంలో 75.6 అడుగులు. మూడు రోజులు ఇంటి కప్పు మీద ఉన్నారట, వానలో తడుస్తూ, కొబ్బరి నీళ్లు తాగి. 2006 ఆగస్టుది నాకు బాగా గుర్తు, అప్పటికి నాకు పెళ్లయింది. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు, జులైలో అంత వరద రావడం మా పెద్దవాళ్లు ఎరగరు. పెద్ద వరదలు వచ్చాక ఏటిగట్లు ఎత్తు పెంచారు, బలపరిచారు. చేయాల్సిన పనే, గట్టు తెగితే కోనసీమ మొత్తం పోతుంది, గట్టు మాకూ దేవుడే, మేం పశువుల్ని తోలుకుని ఎక్కేది దాని మీదికే. కానీ మేం ఉన్నది రెండు గట్ల మధ్య, ఏటివైపు. గట్టు ఎంత ఎత్తు పెరిగితే అంత నీరూ మా మీదుగానే పోవాలి. గట్టు అవతలి వాళ్ల ఇళ్లు మునగకుండా ఉండటానికి మా ఇళ్లు మునుగుతాయి, దీన్ని మేం ఎప్పుడూ ఫిర్యాదుగా చెప్పలేదు, చెప్పం కూడా, వాళ్లంతా మా వాళ్లే. ఆ భారం మోస్తున్న ఊళ్ల లెక్క కాస్త జాగ్రత్తగా రాయమనే అడుగుతున్నాం.

అక్కడే ఎందుకుండాలి, లేచిపోవచ్చు కదా అని కొంతమంది అంటుంటారు. వాళ్లకి చెడు ఉద్దేశం ఉండదు, ఏటా ఈ కష్టం టీవీలో చూసి అంటారు. కానీ ఇది ఆక్రమించుకున్న నేల కాదండి, మా తాతల పేరున పట్టా ఉన్న భూమి, శిస్తు కట్టిన భూమి. వరద వచ్చి వెళ్లాక పరుచుకునే ఆ ఒండ్రు వల్లే ఇక్కడ అరటి, కంద, కూరగాయలు అలా పండుతాయి, రాజమండ్రి దాకా మీరు తినే వంకాయా బెండకాయా చాలావరకు లంకల నుంచే వెళ్తాయి. గట్టు అవతల అయిదు సెంట్ల స్థలం ఇస్తే ఇల్లు కట్టుకోవడానికి చాలామంది సిద్ధంగానే ఉన్నారు, నేనూ సిద్ధమే. వ్యవసాయానికి పగలు వచ్చి వెళ్తాం. కానీ భూమిని ఎత్తుకుపోలేం కదా. ఏటికి కోసుకుపోతున్నది ఆ భూమే.

నా పాసు పుస్తకంలో రెండు ఎకరాల నలభై సెంట్లు ఉంది. నేల మీద ఉన్నది ఎకరం యాభై. మిగతా తొంభై సెంట్లు ఏట్లో ఉంది, పడవ మీద దాని మీదుగా వెళ్తుంటాను. 2022 నుంచి 2026 దాకా అమల్లో ఉన్న విపత్తు సాయం నిబంధనల్లో, నది దారి మారి భూమి చాలా భాగం పోతే చిన్న, సన్నకారు రైతుకి హెక్టారుకి 47 వేలు ఇవ్వొచ్చని ఉంది, ఎకరాకి లెక్కేస్తే 19 వేలు. మా వైపు ఎకరం ధరతో పోలిస్తే అది చిల్లర. అయినా అదైనా ఇవ్వాలంటే ఎవరో ఒకరు వచ్చి గొలుసు పట్టి కొలవాలి, ఇంత పోయిందని కాగితం మీద రాయాలి. పూర్తిగా పోయిన ఇంటికి లక్షా 20 వేలు అని అదే నిబంధనల్లో ఉంది, మా వీధి చివరి వాళ్ల ఇల్లు పూర్తిగా పోయినట్టా కాదా? నీళ్లలో మునిగి కూలిన గోడకి ఉన్న విలువ, ఒడ్డు విరిగి పోబోతుంటే విప్పుకున్న గోడకి ఎందుకు ఉండకూడదు?

మీ పేపరు ద్వారా అడగదలుచుకున్నది ముఖ్యంగా ఒక్కటే, హెచ్చరిక తీసేసిన పదిహేను రోజులకి రెండోసారి మనుషుల్ని పంపండి. మొదటిసారి రాసుకున్నది కొట్టేయక్కర్లేదు, దాని పక్కన ఇంకో గడి పెట్టండి. అప్పటికి అరటి సంగతి తేలిపోతుంది, తడిసిన మట్టిగోడలు ఆరి బీటలు వారినవి కనపడతాయి, ఒడ్డు ఎంత పోయిందో కనపడుతుంది, రోడ్డు కింద డొల్ల కనపడుతుంది. వచ్చేవాళ్లలో ఒక సర్వేయరు గారిని, ఒక ఉద్యానశాఖ వారిని, రోడ్డు పని తెలిసిన ఒకరిని కలపండి. దీనికి కొత్త చట్టమేం అక్కర్లేదు, జిల్లా స్థాయిలో ఒక ఉత్తర్వు చాలు. ఇంకోటి, ప్రతి కాజ్‌వే దగ్గర ఒక రాయి పాతి ధవళేశ్వరంలో ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఇది మునుగుతుందో దాని మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఆ అంకెకి దగ్గర పడిన రోజున, హెచ్చరిక ఉన్నా లేకపోయినా, ఇంజన్ పడవా లైఫ్ జాకెట్లూ ఆ రేవులో ఉండాలి. ఆ అంకె మా పడవవాళ్లకి నోటికి వచ్చు, కూర్చోబెట్టి అడిగితే అరగంటలో చెప్పేస్తారు.

ఒడ్డుకి రాళ్లు పరిచే పని, నీటి తాకిడిని ఒడ్డు నుంచి పక్కకి మళ్లించే గ్రోయిన్లు కట్టే పని గురించి కూడా ఒక మాట. వరద మీదున్నప్పుడు ఇసుక బస్తాలు తెచ్చి వేస్తారు, రాత్రింబవళ్లు వేస్తారు, ఆ కూలీల కష్టం చూస్తే కన్నీళ్లొస్తాయి, అవి మర్నాటికి ఉండవు. రాయి పని జనవరి నుంచి మే దాకా ఏరు అడుగంటినప్పుడు చేయాలి, ఒడ్డు అడుగు దాకా దిగి కింది నుంచి పేర్చుకుంటూ రావాలి, పైపైన పరిస్తే కింద ఇసుక పోగానే రాళ్లూ పోతాయి. మా ఊరికి ఎదురుగా అవతలి ఒడ్డున రాళ్లు పరిచారు, ఆ ఊరు నిలబడింది, సంతోషం. కానీ అటు గట్టిపడ్డ చోట తగిలిన నీరు ఇటు తిరిగి మా ఒడ్డుని మరింత కోస్తోందని నాకు అనిపిస్తోంది, రెండు ఒడ్లూ కలిపి చూసి చెప్పగలిగిన ఇంజినీర్లు ఉన్నారు, ఒకసారి చూడమని అడుగుతున్నాను. ఇసుక కోసం పాయలో లోతుగా తవ్వేయడం మీద కూడా మీరు ఇదివరకు రాశారు, మళ్లీ రాయండి. ఒడ్డు పక్కన గొయ్యి పడితే ఒడ్డు ఆ గోతిలోకే జారుతుంది.

నిన్న సాయంత్రం మా ఇంటి వెనక వేపచెట్టుకి అవతల సన్నగా పగులు కనపడింది. అగ్గిపుల్ల గుచ్చి చూశాను, సగం దిగింది. ఆ పక్కనే వెదురు పుల్ల పాతి గుర్తు పెట్టాను, ఇక రోజూ పొద్దున్నా సాయంత్రం మా అబ్బాయి కొలిచి నోటుబుక్కులో రాస్తాడు. ఇంటి గోడకి అక్కడికి పదకొండు అడుగులు. మీ విలేకరి గారిని ఇంకోసారి పంపగలిగితే, పాల పడవ పొద్దున్న ఆరింటికి గట్టు రేవు నుంచి బయల్దేరుతుంది, క్యాన్ల పక్కన ఇద్దరికి చోటుంటుంది. ఆయన ఫొటో తీసిన ఆ పచ్చటి అరటి తోట ఇప్పుడెలా ఉందో అదే చోట నిలబడి ఇంకో ఫొటో తీసుకోవచ్చు, ఆ రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
ఒక లంక రైతు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా